అరవై ఒకటో ఇంటికి జాగా

నడకల నెల 3

పొద్దున్న వచ్చి చూసేసరికి ఇంకో డిస్కు చచ్చి ఉంది. ఈ ఏడు ఇది నాలుగోది. విప్పి, లోపలి బిళ్ళ తుడిచి గుమ్మం పక్కన పెట్టాను. మధ్యాహ్నానికల్లా ఎవరో పట్టుకుపోయారు. కొండ మీది మా ఎగువలో ఆడవాళ్ళు బొట్టు పెట్టుకునేది ఈ బిళ్ళల్లో చూసే. అద్దం కన్నా బాగా కనిపిస్తుందట. కొత్త డిస్కులు చేసేవాళ్ళు లోకంలో ఎవరూ మిగల్లేదురా దేవుడా అని నేను మొత్తుకుంటుంటే, ఇంకోటి ఎప్పుడు పోతుంది నూకరత్నం, మా కోడలికి కావాలి అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు.

తేమ పీల్చే బొగ్గు పళ్ళాలు మార్చాను. ఫ్యాన్లు దులిపాను. వాగు మీది జనరేటరు మధ్యాహ్నం రెండుసార్లు దగ్గింది, మళ్ళీ సర్దుకుంది. ఊరివాళ్ళ గొంతులూ ముఖాలూ దాచే మా యంత్రం నూటికి తొంభై మూడు వంతులు నిండింది.

ఈ తొంభై మూడు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నా బండారం బయటపడుతుంది. కొత్తరేవులో ఇరవై రెండు వీధులుండేవి. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట సముద్రం వాటి మీదికి వచ్చేస్తే మేం కొండెక్కాం. ఈ యంత్రంలో వీధికొక వాల్యూమ్, అంటే విడిగా పెట్టిన జాగా, ఉంది. జనం దాన్ని గది అంటారు. నాకు ముందు పనిచేసిన సూర్యం గారు ఉన్న జాగాను కొలిచి, గీత గీసి పంచేవారు. మా వీధి పెద్దది, వాళ్ళకెందుకంత అని వీధులవాళ్ళు ఆయన్ని కాల్చుకు తిన్నారు. ఆయన పోయాక నేను వచ్చి ఒక్క రోజులో తగువు తీర్చేశాను. అందరికీ సమానం, తలా పదహారు టెరాబైట్లు అన్నాను. చప్పట్లు కొట్టారు.

లెక్క ఎవరూ వేసుకోలేదు. పంచడానికి నా దగ్గర ఉన్నది రెండు వందల నలభై. నేను పంచింది మూడు వందల యాభై రెండు. పెళ్ళికి వెయ్యిమందిని పిలిచి ఏడు వందలమందికి వండించినట్టు. ఎవరి గదీ పూర్తిగా నిండదులే, మిగిలిన ఖాళీ అంతా ఒకే గుట్టగా ఉంటుంది, ఎవరికి కావలిస్తే వాళ్ళకి అందులోంచి తీసి ఇస్తాను అనుకున్నాను. పదిహేనేళ్ళు నడిచింది. ఇప్పుడు అందరూ ఒక్కసారి విస్తరి ముందు కూర్చున్నారు. డిస్కులు చచ్చి చచ్చి ఉన్నది కూడా రెండు వందల ఇరవైకి పడింది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికే చోటు లేదు.

నడకల నెల 5

దాలినాయుడు తాత ఒప్పుకున్నాడు!

ఆయనకి తొంభై నాలుగు. లైట్‌హౌస్ వీధిని నడిపించగల మనిషి ఆయనొక్కడే మిగిలాడు. మిగతా ఇరవై ఒక్క వీధులూ ఎప్పుడో నడిచేశాం, ఏటా ఈ నెలలో మళ్ళీ నడుస్తూనే ఉన్నాం. ఈయన మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళుగా "సూద్దాం, ఒచ్చే ఏడు" అంటూ దాటేస్తున్నాడు.

నడక అంటే పెద్దవాళ్ళు నడకల గదిలో కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, మునిగిపోయిన తమ వీధిలో మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా నోటితో నడవడం. కాళ్ళు ఎంత వేగంగా వెళతాయో నోరూ అంతే వేగంగా వెళ్ళాలి. ఇల్లు వదిలిపెట్టి ముందుకి గెంతకూడదు. వినేవాళ్ళు మాట్లాడకూడదు. కళ్ళు తెరిస్తే నడక అయిపోయినట్టే, మళ్ళీ ఇంకో రోజు మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాలి. గొంతూ ముఖమూ చేతుల కదలికా అన్నీ తీగ మీద తిన్నగా యంత్రంలోకి వచ్చి ఆ వీధి గదిలో పడతాయి. చేతిలో పట్టుకునే రికార్డర్లు పాడైపోయి పదేళ్ళు దాటింది. ఈ తీగ ఒక్కటే దిక్కు.

లైట్‌హౌస్ వీధిలో అరవై రెండు ఇళ్ళు. అరవై ఒకటోది మాది.

కొండెక్కేటప్పటికి నాకు ఆరేళ్ళు. నాన్నకి రేవులో ఉద్యోగం. ఆ రోజు డ్యూటీకి వెళ్ళినవాడు కొండకొచ్చే బస్సెక్కలేదు. అమ్మ శిబిరంలో జ్వరంతో పోయింది. ఆ ఇంటి గురించి నాకు తెలిసింది ఒక్కటే, గేటు ఇనుము రుచి. నాలుక పెట్టి చూసి ఉంటాను. అంతకు మించి తలుపు రంగు తెలియదు, నాన్న ముఖం తెలియదు. తాతని ఎన్నిసార్లు బతిమాలానో! "అలా మద్దిలోంచి అడిగితే ఏటీ రాదే పిల్లా. వరసలో నడిస్తేనే గేపకం వొస్తాది" అంటాడు. ఇదిగో, ఇన్నాళ్ళకి నడుస్తానంటున్నాడు. తొమ్మిదో తేదీన. "ఒక్కసారే. రెండోసారి అడిగితే కర్రుచ్చుకుంటాను" అని కూడా అన్నాడు.

ఆయన నడకకి కనీసం ఒక టెరాబైట్ కావాలి. యంత్రం తొంభై నాలుగు దాటింది.

నడకల నెల 8

యంత్రం తొంభై ఆరున్నరకి వచ్చింది. తొంభై ఏడుకి వెళితే యంత్రం రాయడం మానేస్తుంది. తాత మా ఇంటి గుమ్మం ముందుకొచ్చాక మానేస్తుందేమో అన్న భయంతో రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

సాయంత్రం ఒకటి దొరికింది. బస్సుల అనౌన్సుమెంటు. ఊరు వదిలిన రోజు మునిసిపాలిటీ మైకులో బస్సుల వారీగా ఇంటిపేర్లు చదివారు, ఆరు గంటలసేపు. తమ పేరు వస్తుందని అందరూ ఫోన్లలో పట్టుకున్నారు. ఆ ఫోన్లన్నీ పోయాయి. పేరుకి ఇది బ్యాకప్ యంత్రం గానీ, అసలువి పోయి ముప్పై ఏళ్ళయింది. అన్ని గదుల్లోనూ కలిపి ఆ అనౌన్సుమెంటు నూట నలభై చోట్ల ఉంది. అదే పేరు, అదే తేదీ, దాదాపు అదే నిడివి. ఒకటి ఉంచి నూట ముప్పై తొమ్మిది తీసేస్తే మనకి కావలసినంత జాగా!

ఇవన్నీ ఒకటేనా అని యంత్రాన్ని పోల్చి చూడమన్నాను. ఒకదానికొకటి కలవడం లేదంది. దానికేం తెలుసులే అనుకున్నాను. వలల వీధి గదిలో సింహాద్రమ్మ గారి కాపీ తెరిచి మొదటి పది నిమిషాలు విన్నాను. అదే మైకు, అదే గొంతు, మొదటి బస్సు, అవే పేర్లు. నా తెలివికి నేనే మురిసిపోయి, ముందు ఈ ఒక్కటి తీసి చూద్దాం అని తీసేశాను. మిగతావి రేపు తాత నడుస్తుండగా, జాగా చాలకపోతే ఒక్కొక్కటీ తీస్తాను.

నడకల నెల 9, పొద్దు పొడిచాక

తాత కూర్చున్నాడు. కొత్త పంచె కట్టుకొచ్చాడు. యంత్రం రాస్తోందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. "ఇదిగో, మొదటిల్లు, సోడా కొట్టు పాపయ్యది. పీపా బయటే ఉన్నాది. కాలికి తగుల్తాది, సూసుకోండి" అన్నాడు. గదిలో ముప్పైమంది దాకా ఉన్నారు. అందరూ కాళ్ళు దగ్గరకి లాక్కున్నారు.

నాకు అక్కడ కూర్చునే యోగం లేదు. యంత్రం దగ్గరుండి, గోడకున్న చిన్న స్పీకరులో వింటున్నాను.

అదే రోజు, ఎండెక్కాక

సింహాద్రమ్మ గారు వచ్చారు. గురువారం ఆవిడ వంతు. వారానికోసారి వచ్చి, చెవులకి పెట్టుకుని పావుగంట విని వెళ్ళిపోతారు. ఏం వింటారని నేనెప్పుడూ అడగలేదు.

"ఒలమ్మా రత్నం, నాది కనపడ్డం లేదే" అన్నారు.

"బస్సుల అనౌన్సుమెంటే కదా పిన్నీ. అది అన్ని గదుల్లోనూ ఉంది, పక్క వీధిది పెడతాను ఉండండి" అని పెట్టాను. ముందుకి జరపమన్నారు. అయిదో గంటలోకి జరిపాను. చాలాసేపు విన్నారు. తర్వాత చెవుల నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇందులో మా ఆయన లేడు" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆవిడ ఫోను పట్టుకుని బస్సు పక్కన నిలబడి ఉంటే వెనక ఆవిడ భర్త ఎర్రయ్య గారు మేకని ఎక్కించడానికి డ్రైవరుతో బేరం పెట్టారట. మనుషుల పేర్లే చదువుతున్నారు, మేకకి జాగా లేదన్నాడట డ్రైవరు. "మా మేక్కీ పేరున్నాది బాబూ, అదీ సదవమని సెప్పండి" అన్నారట ఎర్రయ్య గారు. అని నవ్వారట. కొండెక్కిన నెలలోపే పోయారాయన. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఆ నవ్వు కోసమే ముప్పై ఏళ్ళుగా గురువారం గురువారం రావడం.

మైకు ఒకటే. పట్టుకున్న చేతులు నూట నలభై. ప్రతిదాంట్లోనూ ఆ ఇంటివాళ్ళ దగ్గూ ఏడుపూ తిట్లూ ఉన్నాయి. యంత్రం ఒకటి కాదని చెప్పింది, నేనే చెవిన పెట్టలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "నేనే తీసేశాను పిన్నీ, నిన్న సాయంత్రం."

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బావుండేది. "ఎల్లిపోనాదా?" అన్నారు, అంతే.

పూర్తిగా పోలేదు. తీసేసినా ఆ జాగాలో ఇంకోటి రాసేదాకా కింద అలాగే ఉంటుంది, వెతికి లాగొచ్చు. సూర్యం గారి పద్ధతిలో గీత గీసిన గదులైతే ఏ భయమూ లేదు, తాత మాటలు లైట్‌హౌస్ గదిలోనే పడేవి. నేను ఖాళీలన్నీ ఒకే గుట్ట చేశాను కదా! పొద్దుటి నుంచి తాత చెబుతున్న ఒక్కో ఇల్లూ ఎర్రయ్య గారి మీద పడుతోంది.

లాగాలంటే రాయడం ఆపాలి. కనీసం నాలుగు గంటలు. ఆపితే తాత నడక ఆగిపోతుంది. రెండోసారి నడవడు. మా ఇల్లు రాదు.

స్పీకరులో తాత ముప్పై అయిదో ఇంటి దగ్గరున్నాడు. చేప ఎండబెట్టే తడికల గురించి చెబుతున్నాడు. నేను రాతని ఆపే మీట మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నిజం రాసుకోవాలి కదా: ఇంకో ఇరవై ఆరు ఇళ్ళు ఆగితే చాలు, తర్వాత ఎర్రయ్య గారిలో మిగిలిందేదో లాగొచ్చు, అనుకున్నాను. సింహాద్రమ్మ గారు నా ముఖం చూస్తూ ఉన్నారు. మీ ఇల్లు కూడా ఆ వీధే కదే అన్నారు. అవునన్నాను.

మీట దించేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

నడకల గదికి పరిగెత్తాం. ఎర్ర దీపం ఆరిపోయేసరికి జనం ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. తాతకి తెలియదు, కళ్ళు మూసుకుని ముప్పై ఆరో ఇల్లు దాటుతున్నాడు. ఆయన్ని ఆపాలి. ఎలా ఆపాలి? నేను నోరు తెరవబోయాను. సింహాద్రమ్మ గారు నా మూతి మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి, వీధిలో ఎదురుపడ్డట్టే పలకరించారు.

"నాయుడు మావా, కాస్త ఆగాల. ఈదికి అడ్డంగా మా వల పరిసినాను. ఆరీదాకా తొక్కకండి."

నడకలో ఇంతవరకూ ఎవరూ అలా మాట్లాడలేదు. తాత కనుబొమలు ముడిచాడు. కళ్ళు మాత్రం తెరవలేదు.

"మీ వలలోల్లకి ఎండెయ్యడానికి మా ఈదే దొరికినాదేటే? ఎప్పుడూ ఇదే గోల మీతోటి."

"సముద్రం ఒడ్డున గాలి లేదు మావా."

"ఎంతసేపు ఆర్తాది?"

సింహాద్రమ్మ గారు నా వంక చూశారు. నాలుగు వేళ్ళు చూపించాను.

"పొద్దు వాలీదాకా, మావా."

తాత ముఖంలో ముడతలన్నీ సడలాయి. "సర్లే. ఎదరే మా అరుగు. కూకుంటాను" అన్నాడు.

ముప్పై ఏడో ఇల్లు ఆయనదే. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

అదే రోజు, ఎండ తగ్గాక

యంత్రం వెతుకుతోంది. సగం అయింది. మధ్యలో నీళ్ళు పట్టుకుని తాత దగ్గరికి వెళ్ళాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు, నిద్రపోవడం లేదు. ఒక కాలు ఊపుతున్నాడు, అరుగు మీంచి వేలాడేసినట్టు. చాలామంది భోజనాలకి వెళ్ళారు. నీళ్ళు అందించాను.

"ఎవరే?"

"అరవై ఒకటో ఇంటి పిల్లని తాతా" అన్నాను.

"సివరింటి పక్కదానివా! రా, కూకో. జాగా ఉన్నాది."

ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఇంకాస్త ఇటు జరుగు. అద్దీ. అక్కడే కూకునీవోడు మీ బాబు. పొద్దున్నే సైకిలు మా గోడకి ఆనించీవోడు. బూట్లు సంచీలో ఎట్టుకుని తెచ్చీవోడు. ఇక్కడ కూకుని ఏసుకునీవోడు. ఒరే నాయనా, ఇంటికాడే ఏసుకుని రావొచ్చు గదరా అన్నాను ఒకపాలి. లేదు మావా, బూట్లు సూత్తే పిల్లకి తెలిసిపోతాది డ్యూటీకెల్తన్నానని, ఏడుస్తాది అన్నాడు."

ఎర్ర దీపం వెలగడం లేదు. మీట వేస్తే వెలుగుతుంది. ఈ గదిలోనూ ఒక మీట ఉంది, పది అడుగుల దూరం. వెళ్ళి వేసి, మళ్ళీ చెప్పు తాతా అంటే ఒక్క నిమిషమే కదా. ఆ నిమిషం ఎర్రయ్య గారి ఏ మాట మీద పడుతుందో నాకెలా తెలుస్తుంది?

వెయ్యలేదు. ఏడుపొచ్చింది. తాతకి వినపడకుండా ఏడ్చాను, వినపడితే కళ్ళు తెరుస్తాడని.

అదే రోజు, పొద్దు వాలుతుండగా

దొరికింది. ఆరు గంటల్లో నాలుగు గంటల చిల్లర వచ్చింది. మొదటి గంటల్ని తాత చెప్పిన ఇళ్ళు అక్కడక్కడా తినేశాయి. అయిదో గంటలో ఎర్రయ్య గారు మేకతో సహా ఉన్నారు. సింహాద్రమ్మ గారు రెండుసార్లు విన్నారు. రెండోసారి చెవులకున్నది తీసి నాకు పెట్టారు. గొంతు నేననుకున్నదాని కన్నా చిన్నది. నవ్వు మాత్రం పెద్దది. "సూసినావా, ఎలా నవ్వుతాడో! డ్రైవరు తిడతన్నా నవ్వే" అన్నారు ఆవిడ, ఇప్పుడే జరిగినట్టు కోపంగా.

దాన్ని భద్రంగా వేరే పెట్టి, మీట వేశాను. ఎర్ర దీపం వెలిగింది. జనం మళ్ళీ చేరారు. సింహాద్రమ్మ గారు తాత దగ్గరికి వెళ్ళారు.

"మావా, వల తీసీసినాను. ఇంక ఎల్లండి."

"ఎక్కడికి?"

"ముందుకి, మావా. ఇంకా ఇరవై అయిదు ఇల్లున్నాయి."

తాత కాలు ఊపడం ఆపాడు. తల కొంచెం పక్కకి తిప్పాడు, లోపల్నించి ఎవరో పిలిచినట్టు.

"మా ఇంటికి ఒచ్చీసినాను గదే" అన్నాడు. "ఇంకెక్కడికెల్తాను?"

కళ్ళు తెరిచాడు.

ఇన్నేళ్ళూ ఎందుకు నడవనన్నాడో అప్పుడర్థమైంది. సొంత గుమ్మం దాటి ముందుకి వెళ్ళాలి కదా. అది ఆయనవల్ల కాదని ఆయనకి తెలుసు. దాటుకుపోదామనే ఈ ఏడు గుండె చిక్కబట్టుకుని వచ్చి ఉంటాడు, మనమే కూర్చోబెట్టాం.

నడకల నెల 12

తాతని ఇవాళ అడిగాను, బూట్ల సంగతి ఇంకోసారి చెప్పమని. కళ్ళు తెరిచి ఉన్నప్పుడు అడిగాను మరి. "ఏ బూట్లే? నువ్వెవరి పిల్లవి?" అన్నాడు. బెల్లం ముక్క చేతిలో పెట్టి పంపించాడు.

నడకల నెల 14

వీధి పెద్దలందర్నీ పిలిచి నా పదిహేనేళ్ళ అబద్ధం చెప్పేశాను. తిట్టారు. తిట్టవలసిన తిట్లే. సూర్యం గారిని తలుచుకుని మళ్ళీ గీత గీశాను. వీధికి పది టెరాబైట్లు, నిజంగా ఉన్నవి, ఒకరిది ఒకరి మీద పడకుండా. అనౌన్సుమెంట్లు నూట నలభై ఎక్కడివక్కడే ఉంటాయి. ఎవరింట్లో ఏం తగ్గించుకోవాలో వాళ్ళే విని, వాళ్ళే తేల్చుకుంటారు. నేనిక ఎవరిదీ తియ్యను.

లైట్‌హౌస్ గది సంగతి వచ్చింది. అందులో తొమ్మిది దాకా ఖాళీ. నడిచేవాళ్ళు లేరు, ఇక రాదు, మాకు ఇవ్వండని రెండు వీధులు అడిగాయి. న్యాయమైన మాటే. సింహాద్రమ్మ గారు లేచి, "అక్కడ ఇరవై అయిదు ఇల్లున్నాయి, ఆల్లు ఒస్తే ఎక్కడుంటారు?" అని గట్టిగా అడిగారు. ఆ తొమ్మిదీ అలాగే ఉంచేశారు.

సాయంత్రం నడకల గదిలో ఎవరూ లేనప్పుడు మీట వేసి, కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ముప్పై ఎనిమిది నుంచి అరవై దాకా ఏ ఇల్లూ నాకు తెలియదు. ఇల్లు వదిలి గెంతకూడదని రూలు. గెంతాను.

"లైట్‌హౌస్ వీధి, అరవై ఒకటో ఇల్లు. గేటు ఇనపది. ఈ ఇంట్లో మా నాన్న బూట్లు వేసుకునేవాడు కాదు. నేను ఏడుస్తానని."

అంతే ఉంది నా దగ్గర. కళ్ళు తెరవకుండా ఇంకా చాలాసేపు కూర్చున్నాను. అదంతా కూడా లైట్‌హౌస్ గదిలో పడింది. తియ్యలేదు.